పడమటి సంధ్యారాగం వెనుక ఉన్న అమెరికా చరిత్ర

జంధ్యాల దర్శకత్వంలో 1987లో వచ్చిన ‘పడమటి సంధ్యారాగం’ తెలుగువారు ఇప్పటికీ ఇష్టంగా తలుచుకునే సినిమా. అమెరికాలో స్థిరపడిన తెలుగింటి అమ్మాయి సంధ్యగా విజయశాంతి, ఆమె మనసిచ్చిన తెల్లజాతి యువకుడు క్రిస్‌గా థామస్ జేన్, ఆ పెళ్ళికి ససేమిరా అనే తండ్రిగా గుమ్మలూరి శాస్త్రి నటించిన ఈ చిత్రం, ఒక పెద్ద సమస్యను జంధ్యాల మార్కు హాస్యంతో, బాలసుబ్రహ్మణ్యం సంగీతంతో ఆహ్లాదంగా చెబుతుంది. ఇందులో అడ్డంకి అంతా ఇంటి గడప లోపలిదే. పోలీసులు గానీ, న్యాయస్థానం గానీ ఆ జంట జోలికి రారు. కాని ఆ వెసులుబాటు అమెరికాలో మొదటినుంచీ ఉన్నది కాదు, మూడు శతాబ్దాల తరువాత దక్కినది.

థామస్ జేన్ పుట్టిన బాల్టిమోర్ నగరం మేరీలాండ్ రాష్ట్రంలో ఉంది. ఆ ప్రాంతం బ్రిటిష్ వలసగా ఉన్నప్పుడు, 1664లో, నల్లజాతి బానిసను పెళ్ళాడిన ఆంగ్లేయ స్త్రీ భర్త బతికినంతకాలం అతని యజమానికి ఊడిగం చేయాలనీ, పుట్టే పిల్లలు కూడా బానిసలే అవుతారనీ అక్కడ చట్టం చేశారు. వేర్వేరు జాతులవారి పెళ్ళి చెల్లదని, పైగా నేరమని చెప్పే ఇటువంటి జాత్యంతర వివాహ నిషేధ చట్టాలు తరువాత అనేక రాష్ట్రాలకు పాకాయి.

భారతీయులకూ ఈ చరిత్రలో చోటుంది. ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో కాలిఫోర్నియా పొలాల్లో పనిచేసిన పంజాబీలు, స్వదేశం నుంచి భార్యలను తెచ్చుకునే దారి మూసుకుపోవడంతో, మెక్సికన్ స్త్రీలను పెళ్ళాడి కొత్త కుటుంబాలు కట్టుకున్నారు. పౌరసత్వం కోరిన భారతీయుడు భగత్ సింగ్ థింద్ కేసులో 1923లో అమెరికా సుప్రీంకోర్టు, భారతీయులు తెల్లజాతివారి కిందికి రారు కనుక పౌరసత్వానికి అర్హులు కారని తేల్చింది. ఆ అర్హత 1946లో గానీ రాలేదు.

చివరి పోరాటం వర్జీనియాలో జరిగింది. తెల్లజాతి మేస్త్రీ రిచర్డ్ లవింగ్, నల్లజాతి, అమెరికా ఆదివాసీ మూలాలున్న మిల్‌డ్రెడ్ 1958 జూన్‌లో వాషింగ్టన్ వెళ్ళి పెళ్ళి చేసుకుని సొంత ఊరికి తిరిగివచ్చారు. కొద్ది వారాలకే ఒక అర్ధరాత్రి షెరిఫ్, అంటే ఆ జిల్లా పోలీసు అధికారి, వారి పడకగదిలోకి చొరబడ్డాడు. గోడకు తగిలించిన పెళ్ళి ధ్రువపత్రాన్ని చూపితే, అది ఇక్కడ చెల్లదన్నాడు. ఏడాది జైలుశిక్ష విధించిన న్యాయమూర్తి, 25 ఏళ్ళపాటు దంపతులుగా రాష్ట్రంలో అడుగుపెట్టకపోతే శిక్ష అమలు కాదన్నాడు. వారి కేసులోనే 1967 జూన్ 12న సుప్రీంకోర్టు న్యాయమూర్తులు తొమ్మిదిమందీ ఏకగ్రీవంగా ఈ చట్టాలను కొట్టివేసేనాటికి అవి ఇంకా 16 రాష్ట్రాల్లో ఉన్నాయి. మేరీలాండ్ తన చట్టాన్ని అంతకు మూడు నెలల ముందే రద్దు చేసుకుంది. అలబామా తన రాజ్యాంగంలోని నిషేధవాక్యాన్ని తీసేసింది 2000లో, అదీ సుమారు 40 శాతం ఓటర్లు తీయవద్దని ఓటేసినా.

హాలీవుడ్ కూడా ఇందుకు మినహాయింపు కాదు. 1930లో నిర్మాతలు తమకు తాము రాసుకున్న హేస్ నియమావళి, తెల్లవారికీ నల్లవారికీ మధ్య శారీరక సంబంధాన్ని తెరమీద చూపకూడదన్నది. అందువల్ల సంధ్య, క్రిస్‌ల కథ నవ్విస్తూ సాగిందంటే, ఆ నవ్వుకు కావలసిన భద్రతను లవింగ్ దంపతుల వంటివారు అప్పటికి ఇరవయ్యేళ్ళ ముందే సంపాదించిపెట్టారని గుర్తించాలి.

భారతదేశంలో కులమతాలకు అతీతంగా పెళ్ళాడే హక్కును 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఇచ్చింది. అయినా తెలుగునాట పరువు పేరిట హత్యలు ఆగలేదు. హైదరాబాద్‌లోని ఫిల్మ్‌నగర్, మధురానగర్ పరిసరాల్లో సినిమా కథలు అల్లే రచయితలు ఇటువంటి ప్రేమలను ఇంకా హాయిగా, ఇంకా ధైర్యంగా తెరకెక్కించాలి. వాటిని చూసి ఆనందించే ప్రేక్షకులు, తమ ఇంట్లో బిడ్డ అటువంటి మాట చెప్పిన రోజున కోపానికి ముందు ఆ బిడ్డ మాట పూర్తిగా వినాలి.