అర్బుదానికి కొలబద్ద

'అర్బుదము' అన్న పదాన్ని సంస్కృత నిఘంటువులో వెదికితే ముఖ్యంగా మూడు అర్థాలు ఎదురవుతాయి. ఒకటి పర్వతం; నేటి ఆబూ కొండకు అది పాత పేరు. రెండవది సంఖ్య, ఆర్యభటీయం లెక్కలో కోటికి పది రెట్లు, అనగా పది కోట్లు. మూడవది దేహంలో పెరిగే కంతి. ఒక ఘన సెంటీమీటరు కంతిలో పది కోట్ల నుండి నూరు కోట్ల దాకా కణాలు ఉంటాయని నేటి వైద్యుల అంచనా. అంటే చిటికెన వేలి కొనంత కంతి కనబడేసరికే లోపల లెక్క అర్బుదానికి చేరినట్లు. ఇది యాదృచ్ఛికమే తప్ప ప్రాచీనులు సూక్ష్మదర్శినితో లెక్కించారని నేను అనబోవడం లేదు. అటువంటి వాదనలు చేసేవారు వేరే ఉన్నారు.

ఈ టపాకు కారణం నిఘంటువు కాదు, ఒక ప్రశ్న. లక్షెట్టిపేటలో నాతో పనిచేసిన ఒక లెక్కల సారుకు ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరింది. ఆ నీటిలో క్యాన్సర్ కణాలు ఉన్నాయని పరీక్షలో తేలింది. 2012లో హైదరాబాదులోని ఒక ఆసుపత్రిలో ఏదో కొత్త మందుపై క్లినికల్ ట్రయల్ జరుగుతున్నదని తెలిసి, అందులో చేరదామని వెళ్లారు. అక్కడివారు కాగితాలన్నీ ఓపికగా చూసి, కొలవదగిన వ్యాధి లేదు గనుక అర్హత లేదని చెప్పి పంపారు. తిరిగి వచ్చాక ఆయన నన్ను అడిగిన మాట ఇది: "సారూ, కొలువరాదంటే తక్కువున్నట్టా, ఎక్కువున్నట్టా?"

ముప్పై ఏళ్లు పిల్లలకు క్షేత్రగణితం చెప్పిన మనిషి అడిగిన ప్రశ్నకు తెలుగు పండితుణ్ణి నేనేమి జవాబు చెప్పగలను? ఆ తరువాత తీరిక చిక్కినప్పుడల్లా దీని చరిత్ర చదివాను. తెలిసినంతవరకు జవాబు ఏమిటంటే, తక్కువా కాదు, ఎక్కువా కాదు. ఆ కొలత రోగిది కాదు, మందుది.

కొంచెం వెనక్కి వెళ్దాం. సుశ్రుతసంహిత నిదానస్థానం పదకొండవ అధ్యాయంలో అర్బుద లక్షణాలు ఉన్నాయి. గుండ్రంగా ఉంటుంది, కదలదు, నొప్పి తక్కువ, పెద్దది, వేరు లోతు, నిదానంగా పెరుగుతుంది, చీము పట్టి పండదు. ఇన్ని విశేషణాలు చెప్పినవాడు అంగుళాల లెక్క మాత్రం చెప్పలేదు. అదే అధ్యాయంలో అపచి అనే మెడగడ్డలను చెప్పేటప్పుడు ఉసిరిగింజంత అన్నాడు. మన ఊళ్లలో ఇప్పటికీ ఇదే పద్ధతి. రేగుపండంత గడ్డ, నిమ్మకాయంత గడ్డ, జామకాయంత గడ్డ అంటారు. ఇంగ్లీషు డాక్టర్లు మాత్రం తక్కువ తిన్నారా? అక్రోటుకాయ, నారింజ, కోడిగుడ్డు వాళ్ల కొలమానాలు. రోగిని ఒకసారి చూసి చికిత్స చెప్పడానికి ఈ ఉపమానాలు చాలు. కాని మందు వేయకముందు నిమ్మకాయంత ఉన్నది, వేసిన తరువాత కూడా నిమ్మకాయంతే అంటే ఏ నిమ్మకాయ అన్న ప్రశ్న వస్తుంది.

ఈ ప్రశ్న మొదట రక్త క్యాన్సర్‌లో రాలేదు. అక్కడ మన తెలుగువాడి పేరు తలచుకోవాలి. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లంపై పనిచేసి, దానికి విరోధులైన పదార్థాలను కూడా తయారు చేయించారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ లుకేమియా సోకిన పిల్లలకు ఇచ్చాడు. 1948 జూన్‌లో ఆయన ప్రకటించిన వ్యాసంలో 16 మంది పిల్లల సంగతి ఉన్నది. వారిలో 10 మందికి తాత్కాలికంగా మేలు కనిపించింది. మేలు అని ఎలా తెలిసింది? రక్తపు చుక్కను అద్దంపై పరచి కణాలను లెక్కపెట్టారు, ఎముక మూలుగను చూశారు. గడ్డ లేదు, కొలబద్ద అవసరం లేదు. నిన్న ఇన్ని, నేడు ఇన్ని. సుబ్బారావు గారు ఆ ఆగస్టులోనే కన్నుమూశారు. ఆ వరుసలోనిదే అయిన మెథోట్రెక్సేట్ ఇవాళ మన జిల్లా కేంద్రాల మందుల దుకాణాల్లో కూడా దొరుకుతుంది.

చిక్కంతా గడ్డకట్టే క్యాన్సర్లతో వచ్చింది. రొమ్ము, కాలేయం, మెడ, చంక. డాక్టరు వేళ్లతో తడిమి, కాలిపర్స్ పెట్టి, ఇంత అని రాసుకునేవాడు. ఆ రాతపై ఎంత నమ్మకం పెట్టవచ్చునో పరీక్షించినవారు మాయో క్లినిక్‌కు చెందిన చార్లెస్ మోర్టెల్, ఆయన సహచరుడు హాన్లీ. వారి వ్యాసం 1976లో వెలువడింది. నాకు ఈ చరిత్ర అంతటిలోనూ అత్యంత ఇష్టమైన ఘట్టం ఇదే. వారు 12 గట్టి గుండ్లను మెత్తటి పరుపుపై పేర్చి, పైన నురుగు రబ్బరు కప్పారు. అనుభవజ్ఞులైన 16 మంది క్యాన్సర్ వైద్యులను పిలిచి, రోగి ఒంటిమీద కొలిచినట్లే కొలవమన్నారు. గుండ్లలో కొన్ని సరిగ్గా ఒకే పరిమాణానివి. ఆ సంగతి కొలిచేవారికి చెప్పలేదు.

ఫలితం చూడండి. గడ్డ 25 శాతం తగ్గితే మందు పనిచేసినట్లు అని నియమం పెట్టుకుంటే, ఏ మందూ వేయని ఆ గుండ్లలో అయిదింట ఒకటి, నాలుగింట ఒకటి 'తగ్గినట్లు' తేలింది. 50 శాతం తగ్గాలని నియమాన్ని బిగిస్తే ఆ భ్రమ 7, 8 శాతానికి దిగింది. అంటే రబ్బరు కింది గుండుకు కూడా నూటికి ఏడెనిమిది సార్లు వ్యాధి నయమవుతున్నది! పరీక్షాపత్రాలు దిద్దినవారికి ఈ సంగతి కొత్త కాదు. ఒకే జవాబుకు ఉదయం అయిదు, మధ్యాహ్నం ఏడు మార్కులు వేసే చేతులు మనవి. తేడా ఏమంటే, ఇక్కడ ఆ మార్కులను నమ్ముకుని పనికిరాని మందు వేలమందికి వెళ్లవచ్చు, పనికివచ్చేది మూలపడవచ్చు.

అప్పటినుండి కొలతకు చట్టం వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1979లో ఒక చేపుస్తకం వేసింది. దాని సారాంశం 1981లో మిల్లర్ ప్రభృతుల వ్యాసంగా వచ్చింది. గడ్డ పొడుగును, దానికి లంబంగా ఉన్న వెడల్పును గుణించాలి; ఆ లబ్ధం సగానికి తగ్గితే పాక్షిక ఫలితం, 25 శాతం పెరిగితే వ్యాధి ముదిరినట్లు. ఈలోగా 1971లో హౌన్స్‌ఫీల్డ్ కనిపెట్టిన సీటీ యంత్రం మొదటి రోగిని చూసింది. వేళ్ల పని కళ్లకు మారింది. 2000 ఫిబ్రవరిలో యూరపు, అమెరికా, కెనడా క్యాన్సర్ సంస్థలు కలిసి రెసిస్ట్ అనే కొత్త నియమావళిని తెచ్చాయి. రెండు కొలతలు వద్దు, పొడుగు ఒక్కటే చాలు. కొలిచిన గడ్డల పొడుగులన్నీ కూడితే వచ్చే మొత్తం 30 శాతం తగ్గితే పాక్షిక ఫలితం అన్నారు.

మా లెక్కల సారు ఉంటే నల్లబల్లపై వేసి చూపేవారు. గోళం వ్యాసం 100 నుండి 70కి తగ్గితే వైశాల్యం 49కి, ఘనపరిమాణం సుమారు 34కి దిగుతుంది. అందుచేత పాత 50, కొత్త 30 దాదాపు ఒకటే. కాని పెరుగుదల దగ్గర లెక్క కుదరదు. పాత పద్ధతిలో 25 శాతం అంటే ఘనపరిమాణం సుమారు 40 శాతం పెరిగినట్లు. కొత్త పద్ధతిలో పొడుగు 20 శాతం పెరగాలంటే ఘనపరిమాణం 73 శాతం దాకా పెరగాలి. ఒకే రోగి పాత లెక్కలో ముదిరినవాడు, కొత్త లెక్కలో నిలకడగా ఉన్నవాడు.

ఇక అర్హత. 2009 జనవరిలో సవరించిన రెసిస్ట్ ప్రకారం సీటీలో కనీసం 10 మిల్లీమీటర్లు ఉంటేనే కొలవదగిన గడ్డ. ఈ పది ఎక్కడినుండి వచ్చింది? సీటీ యంత్రం దేహాన్ని బొమ్మల్లో 5 మిల్లీమీటర్ల పొరలుగా కోస్తుంది. రెండు పొరల కన్నా చిన్నదాన్ని నమ్మకంగా కొలవలేము. ఇది యంత్రపు పరిమితి, వ్యాధి స్వభావం కాదు. మామూలు ఎక్స్‌రేలో అయితే 20 ఉండాలి. లింఫు గ్రంథులు సహజంగానే ఉంటాయి గనుక వాటికి అడ్డకొలత 15 ఉండాలి. బీడీ, జర్దా, గుట్కా అలవాటున్న మన ప్రాంతంలో బుగ్గ లోపలి పుండు అందరూ ఎరిగినదే. అటువంటి పైకి కనిపించే పుండును కాలిపర్స్‌తో కొలవవచ్చు, అదీ 10కి తగ్గకూడదు. చర్మంపైని పుండైతే పక్కన కొలబద్ద పెట్టి రంగుల ఫోటో తీయాలి. మొత్తం అయిదు గడ్డలకు మించి కొలవనక్కరలేదు, ఒక్కో అవయవంలో రెండు.

ఊపిరితిత్తి చుట్టూ నీరు, పొట్టలో నీరు, గడ్డ లేకుండా గట్టిపడిన ఎముక, మెదడు పొరల్లో పాకిన వ్యాధి ఇవన్నీ 'కొలవరానివి'. నీటిని ఈ రోజు తీస్తే రేపు ఊరుతుంది. దాని మట్టం మందు గుణం చెప్పదు. గడ్డ ఎంతమందిలో తగ్గింది అన్నదే ప్రయోగం అడిగే ప్రశ్న అయినప్పుడు, కొలవడానికి గడ్డే లేని మనిషిని ఏ గడిలో వేయాలి? గెలిచినవారిలోనా, ఓడినవారిలోనా? ఆయనను చేర్చుకుంటే లెక్క చెడుతుంది, అంతే. ఎంతకాలం బతికారు అన్నది ప్రశ్నగా పెట్టుకున్న ప్రయోగాలలో ఈ షరతు తప్పనిసరి కాదు. అంటే ఒకే రోగికి ఒక తలుపు మూసుకుని, మరొకటి తెరిచి ఉండవచ్చు. ఆ సంగతి ఎవరైనా ఆ రోజు రెండు మాటల్లో చెప్పి ఉంటే మా సారు అంత నలిగిపోయేవారు కాదు. 'అర్హత లేదు' అన్న మాటను ఉద్యోగానికి, పింఛనుకు, రేషను కార్డుకు విన్నచెవితోనే మనవాళ్లు దీన్నీ వింటారు. ఆయన మామూలు చికిత్సే తీసుకుని రెండేళ్లు మా మధ్య ఉన్నారు.

ఈ ప్రయోగాలపై మన జిల్లాలో అనుమానం ఉండడం సహజమే. 2017లో జమ్మికుంట ప్రాంతపు పేదలు కొందరు డబ్బుకోసం బెంగళూరు వెళ్లి మందుల పరీక్షలకు ఒళ్లు అప్పగించిన కథ పత్రికలకెక్కింది. అది ఆరోగ్యవంతులపై చేసే వేరే రకం పరీక్ష. అక్కడ జబ్బు లేకపోవడం అర్హత, ఇక్కడ జబ్బు కొలతకు అందడం అర్హత. రెండింటినీ కలిపి చూడకూడదని నా అభిప్రాయం.

సుశ్రుతుడిలో ఇంకొక మాట ఉన్నది. ఉన్న అర్బుదంపై మరొకటి పుడితే అది అధ్యర్బుదం. జంటగా పుడితే ద్విరర్బుదం, అసాధ్యం అన్నాడు. రెసిస్ట్‌లో కూడా పాత గడ్డలన్నీ తగ్గుతున్నా కొత్తది ఒక్కటి పుడితే చాలు, మిల్లీమీటర్లతో పని లేకుండా వ్యాధి ముదిరినట్లే. రోగనిరోధక శక్తిని లేపే కొత్త మందులు వచ్చాక ఈ నియమమూ సడలింది. వాటి ప్రభావంతో గడ్డలు మొదట ఉబ్బి తరువాత కరగవచ్చునని గమనించి, కొన్ని వారాలు ఆగి మళ్లీ కొలిచి నిర్ధారించుకోవాలని 2017లో మరో నియమావళి రాశారు.

చివరికి దూరం సంగతి. మొదటి కొలత చికిత్స మొదలుపెట్టడానికి నాలుగు వారాల లోపుదై ఉండాలి. హైదరాబాదులో రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ దవాఖాన 1955 నాటిది. కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల పేదలకు తరతరాలుగా క్యాన్సర్ అంటే అక్కడికి ప్రయాణమే. ఆదిలాబాద్ నుండి రాజధానికి మూడువందల కిలోమీటర్లు. ఇక్కడ తీసిన సీటీ, అక్కడ దొరికే తేదీ, మధ్యలో పంటకోత, ఇంట్లో ఒక పెళ్లి, తోడు వచ్చే మనిషికి దొరకని సెలవు. నాలుగు వారాలు దాటితే మళ్లీ సీటీ. అంతకుముందు రేడియేషన్ తగిలిన గడ్డ ఆ తరువాత పెరిగిందని చూపితే తప్ప లెక్కకు రాదు. అలా చూపాలంటే పాత ఫిల్ము కావాలి. ఆ ఫిల్ము చాలా ఇళ్లలో దూలానికి, పెంకులకు మధ్య పాత పంచాంగాలతో పాటు చుట్టి పెట్టి ఉంటుంది, వానకు తడిసి.