కొత్త కశ్మీరు కల: ఒక రాష్ట్ర రాజ్యాంగం కథ

భారతదేశంలో రాష్ట్రాలకు విడిగా రాజ్యాంగాలు లేవని పిల్లలకు చెబుతుంటాం. ఒక్క మినహాయింపు ఉండేది. 1957 జనవరి 26 నుంచి 2019 దాకా జమ్మూ కశ్మీరుకు సొంత రాజ్యాంగం ఉంది. మన చర్చంతా 370వ అధికరణం చుట్టూ తిరిగింది తప్ప, ఆ రాజ్యాంగాన్ని ఒక రచనగా చదివినవాళ్లు తక్కువ. నేను తెలుగు పాఠాలు చెప్పేవాణ్ణి, శాసనాలు నా రంగం కాదు. అయినా ఏ రచననైనా అది పుట్టిన కాలంలో పెట్టి చదవడం మన విమర్శ నేర్పిన అలవాటు కనుక సాహసిస్తున్నాను.

1934లో మహారాజా హరిసింగ్ ప్రజాసభ ఏర్పాటు చేశాడు. 75 మంది సభ్యుల్లో ప్రజలు ఎన్నుకునేది 33 మందిని. 1939 నాటి చట్టంలోనూ అసలు అధికారం రాజుదే. దీనికి జవాబుగా 1944లో నేషనల్ కాన్ఫరెన్సు ‘నయా కశ్మీర్’ పత్రాన్ని వెలువరించింది. దాని రచనలో బి.పి.ఎల్. బేడీ వంటి వామపక్ష మేధావుల చేయి ఉంది. 1936 నాటి సోవియట్ రాజ్యాంగపు ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. రైతులకు, కార్మికులకు, స్త్రీలకు వేరువేరు హక్కుల పత్రాలు, దున్నేవాడికే భూమి అన్న మాట అందులో ఉన్నాయి. రాజును మాత్రం అది తొలగించలేదు.

ఈ కల కాగితం దాటి నేలమీదికి దిగింది భూమి విషయంలోనే. 1950 అక్టోబరులో పెద్ద భూస్వామ్యాల రద్దు చట్టం వచ్చింది. పరిమితి 182 కనాళ్లు, అంటే ఇరవై రెండు ముక్కాలు ఎకరాలు. మిగులు భూమి సాగుదారుకు పోయింది. 1952లో రాష్ట్ర రాజ్యాంగ పరిషత్తు భూస్వాములకు నష్టపరిహారం ఇవ్వనక్కరలేదని తేల్చింది. జాతీయ రాజ్యాంగం 31వ అధికరణం కింద ఇది సాధ్యమయ్యేది కాదు. బీహారు భూసంస్కరణ చట్టాన్ని 1951 మార్చిలో పాట్నా హైకోర్టు కొట్టేస్తే, ఆ జూన్‌లోనే మొదటి సవరణ తేవలసి వచ్చింది. మన తెలంగాణను పక్కన పెట్టి చూడండి. 1949 నవంబరు 23న నిజాం ఫర్మానాతో హైదరాబాదు భారత రాజ్యాంగాన్నే తనదిగా తీసుకుంది. అంత పెద్ద రైతాంగ పోరాటం నడిచిన చోట, 1950 కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదారుకు ఇచ్చింది భూమిని వెల ఇచ్చి కొనుక్కునే హక్కు. కశ్మీరులో పోరు మనకన్నా పెద్దదని కాదు, చట్టం రాసే చేయి వేరు. అయితే తోటలను ఆ పరిమితి నుంచి మినహాయించారన్నది మరిచిపోకూడదు. ఆపిల్ తోటల నేలలో అది చిన్న కన్నం కాదు.

రాజ్యాంగ పరిషత్తు 1951 అక్టోబరు 31న సమావేశమైంది. 75 స్థానాలూ ఒకే పార్టీవి, అవీ దాదాపు అన్నీ పోటీ లేకుండా. ఎదురు గొంతు లేని సభ రాసే రాజ్యాంగం మీద నాకు మొదటినుంచీ అనుమానమే. 1952లో వంశపారంపర్య రాజరికాన్ని రద్దు చేసి, రాష్ట్రాధిపతిని శాసనసభే ఎన్నుకునే పద్ధతి పెట్టారు. ఎన్నికైంది రాజుగారి కొడుకే, కరణ్ సింగ్. 1953 ఆగస్టులో షేక్ అబ్దుల్లాను పదవి నుంచి దింపి నిర్బంధించారు. 1956 నవంబరు 17న పరిషత్తు రాజ్యాంగాన్ని ఆమోదించిన రోజున కొత్త కశ్మీరు నాయకుడు నిర్బంధంలోనే ఉన్నాడు.

ఆ రాజ్యాంగం 13వ సెక్షన్ ‘నయా కశ్మీర్’ను పేరుపెట్టి తలచుకుంటుంది. దోపిడీ లేని సోషలిస్టు వ్యవస్థ రాజ్య లక్ష్యమంటుంది. జాతీయ రాజ్యాంగ పీఠికలోకి ఆ మాట 1976లో గాని రాలేదు. విశ్వవిద్యాలయం దాకా ఉచిత విద్యకు కృషి చేయాలని, స్త్రీలకు సమాన పనికి సమాన వేతనం దక్కాలని కూడా ఉంది. కానీ ఇవన్నీ ఆదేశిక సూత్రాల భాగంలోవి, కోర్టుకెక్కి అడగడానికి వీల్లేనివి. ఈ ఒక్క విషయంలో రెండు రాజ్యాంగాలూ కవలలు. అవతారిక చూసి ప్రబంధాన్ని మెచ్చుకునే విమర్శకుడిలా మనం మోసపోరాదు. ఇక ప్రాథమిక హక్కులా, అవి ఆ గ్రంథంలో విడిగా లేనేలేవు. 1954 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ద్వారా ఢిల్లీ నుంచి వచ్చాయి, అదీ నివారక నిర్బంధ చట్టాలకు మినహాయింపుతో. స్వేచ్ఛ కేంద్రం నుంచి, సమానత రాష్ట్రం నుంచి వస్తాయని అనుకున్నవారికి రెండూ సగం సగమే దక్కాయి.

1965లో రాష్ట్ర శాసనసభే సవరణ చేసి, తాను ఎన్నుకునే రాష్ట్రాధిపతి స్థానంలో కేంద్రం నియమించే గవర్నరును, ప్రధానమంత్రి స్థానంలో ముఖ్యమంత్రిని పెట్టింది. కోటగోడ లోపలి నుంచే కూలింది.

రచయితలు చూడవలసిన మరో చోటు ఉంది. భాషా సాంస్కృతిక అకాడమీ నెలకొల్పాలని రాసుకున్న రాజ్యాంగం అది. డోగ్రీ జాతీయ రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోకి 2003 సవరణతో వస్తే, అక్కడి షెడ్యూలులో మొదటినుంచీ ఉంది. కాని అధికార భాష ఉర్దూ. కశ్మీరీ వట్టి ప్రాంతీయ భాష. జనం మాట్లాడే కశ్మీరీని అధికార భాషల్లో చేరుస్తూ పార్లమెంటు చట్టం చేసింది 2020లో. అప్పటికి ఆ రాజ్యాంగమూ లేదు, ఆ రాష్ట్రమూ లేదు.