దిగులును ఏ గొంతు నేర్పాలి?

యంత్రానికి తెలుగు కోపం, తెలుగు భయం నేర్పిన గురువుల్లో విజయవాడ ఆకాశవాణి కళాకారులు ఉన్నారు. ఐఐటీ ఖరగ్‌పూర్‌లో కె.శ్రీనివాసరావు బృందం వాళ్ల గొంతులు రికార్డు చేసి, 2009లో ఆ సంగతి ప్రచురించింది. ఐదుగురు మగవాళ్లు, ఐదుగురు ఆడవాళ్లు. 15 వాక్యాలు, 8 భావాలు, 10 విడతలు: మొత్తం 12,000 పలుకులు. వాక్యాల్లో భావం ఉండకూడదు, గొంతులోనే ఉండాలి. తల్లిదండ్రుల్ని గౌరవించాలనే వాక్యాన్నే కోపంగా, భయంగా, వెటకారంగా పలికారు.

శ్రీనివాసరావు గురువు బి.యజ్ఞనారాయణ అప్పటికే ఐఐటీ మద్రాసు నుంచి ట్రిపుల్ ఐటీ హైదరాబాద్‌కు వచ్చేశారు. మాట్లాడేటప్పుడు స్వరతంత్రులు మూసుకునే క్షణాల్ని పట్టుకునే పద్ధతిని 2008లో కె.శ్రీరామమూర్తితో కలిసి ప్రకటించారు. ఆ క్షణాలు ఎంత దగ్గరగా వస్తే గొంతు స్థాయి అంత ఎక్కువ. కోపంలో ఆ స్థాయి పెరుగుతుంది, దిగులులో మాట నెమ్మదిస్తుంది, మధ్యలో మౌనాలు సాగుతాయి. యంత్రం కొలిచేది ఇలాంటివే.

ఇలా గొంతు వినే పరికరాన్ని ఒంటరిగా ఉండే పెద్దవాళ్ల ఇంట్లో పెడితే చిక్కంతా ఇక్కడే. వయసు మీద పడితే గొంతు సన్నబడుతుంది, వణుకుతుంది, మాటల మధ్య ఎడం పెరుగుతుంది. హాయిగా ఉన్న మనిషిని కూడా యంత్రం దిగులుగా ఉన్నాడని లెక్కగట్టవచ్చు. పైగా ఆ ఎనిమిది భావాల్లో ఒంటరితనం లేదు. యంత్రం నేర్చుకున్నది తెలుగు వాక్యాలే, నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లో నడిచే పెద్దాయన ఒకే వాక్యంలో తెలుగూ దక్కనీ ఉర్దూ కలిపేస్తారు. ఆబిడ్స్‌లోని పాత ఇంట్లో ఒక్కతే ఉండే అమ్మ, కొడుకు ఫోన్ చేస్తే కావాలనే హుషారు తెచ్చుకుని "బాగానే ఉన్నా నాన్నా" అంటుంది. స్టూడియోలో పలికించిన భావం బయటికి చూపించేది, ఇంట్లోది దాచుకునేది.

అందుకే ఆమె గొంతును కళాకారుల గొంతుతో కాదు, ఆమెదే పోయిన నెల గొంతుతో పోల్చాలి. పరికరం వినడానికి ఒప్పుకోవాల్సింది, వద్దనిపిస్తే ఆపాల్సింది, దిగులు కనిపిస్తే కబురు ఎవరికి వెళ్లాలో చెప్పాల్సింది ఆమే. ఈ మూడూ లేని పరికరం ఎంత తెలివైనదైనా ఆ ఇంట్లో పెట్టకూడదు.

కబురు అందుకునే మనిషి కూడా ఉండాలి. వృద్ధుల కోసం టాటా ట్రస్ట్స్, విజయవాహిని ఫౌండేషన్ కలిసి 2017లో హైదరాబాద్‌లోనే ఒక హెల్ప్‌లైన్ మొదలుపెట్టాయి. అదే 2021లో దేశమంతటికీ ఎల్డర్‌లైన్ 14567 అయింది. పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా అవతల మనిషే ఫోనెత్తుతాడు. నిద్రపట్టని పెద్దవాళ్లకు అసలు గంటలు ఆ తర్వాతే మొదలవుతాయి. ఈ పరికరాలు చేసేవాళ్లు ముందు ఆ గంటల సంగతి చూడాలి.