మొజంజాహి మార్కెట్ నుంచి శంషాబాద్ దాకా: చూసి రాసినోళ్లు, మోసుకొచ్చినోళ్లు

పోస్టు పొడుగ్గానే ఉంటది, తీరిక చూసుకొని చదవండి.

పోయిన నెల మేం ఆరుగురం హైదరాబాద్ పోయినం. సూర్యాపేట హాస్టల్ నుంచి నలుగురం, కోదాడ నుంచి ఒకరు, మిర్యాలగూడ నుంచి ఒకరు. మా సీనియర్ అన్న ఒకాయన దుబాయ్ పోతున్నడు, శంషాబాద్‌లో సాగనంపాలి. విమానం రాత్రికి, పగలంతా ఖాళీ. ఆ ఖాళీలో మొజంజాహి మార్కెట్ చూద్దామనుకున్నం.

బయలుదేరే ముందురోజు క్లాసులో ఒకతను నవ్వుకుంట అన్నడు: "ఎయిర్‌పోర్టు మీకు కొత్త, సరే. మార్కెట్ కూడా కొత్తేనా? తాండాలోళ్లకు వారం అంగడి తప్ప ఏం తెలుసు?" వాడు చెడ్డోడేం కాదు, మాతోనే కూర్చొని తింటడు. కాని ఆ మాటకు మా ఆరుగురిలో ఒక్కరి దగ్గర కూడా జవాబు లేకపోయింది, అదే బాధ. తిరిగొచ్చినాక రెండు వారాలు లైబ్రరీలో, ఫోన్లలో వెతికి చదివినం. దొరికింది ఇక్కడ రాస్తున్నం.

ముందు దారి సంగతి. సూర్యాపేట నుంచి హైదరాబాద్ పోయే 65వ నంబర్ జాతీయ రహదారి మనం రోజూ చూసేదే. అది పుణేలో మొదలై మచిలీపట్నంలో ముగుస్తది. ఈ మచిలీపట్నం అనే పేరును గట్టిగా పట్టుకోవాలి. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు అదే. ఇక్కడి బట్టలు అక్కడ ఓడలెక్కేవి. గోల్కొండకు, ఆ తర్వాత హైదరాబాద్‌కు సొంత సముద్రం దగ్గర్లో లేదు. ఉప్పు కావాలంటే తీరం నుంచి రావాల్సిందే. లారీ లేదు, రైలు లేదు. మరి ఎవరు తెచ్చిండ్రు?

17వ శతాబ్దంలో ఫ్రాన్స్ నుంచి టావెర్నియర్ అనే వజ్రాల వ్యాపారి పలుమార్లు మన దేశం వచ్చిండు, గోల్కొండ కూడా చూసిండు. ఆయన తన ప్రయాణాల పుస్తకంలో వజ్రాల గురించి ఎంత శ్రద్ధగా రాసిండో, దారిలో ఎదురైన ఎద్దుల బిడారుల గురించి కూడా అంతే శ్రద్ధగా రాసిండు. ఒక్కో బిడారులో 10,000 నుంచి 12,000 ఎద్దులు. బియ్యం, గోధుమలు, పప్పులు, ఉప్పు. ఇరుకు దారిలో అటువంటి బిడారు ఎదురైతే, అది దాటిపోయేదాకా బాటసారులు రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేదట. వీళ్లలో నాలుగు తెగలున్నాయని, ఒక్కో తెగ ఒక్కో సరుకే మోస్తదని, ఇండ్లు కట్టుకోరని, భార్యాపిల్లలతో డేరాల్లో బతుకుతరని రాసిండు. ఆడోళ్ల ఒంటి మీద పూల పచ్చబొట్లను కూడా వదిలిపెట్టలేదు. ఆ పేజీ చదివేటప్పుడు మాకు తాండాలో మా యాడీల చేతులే కండ్ల ముందుకొచ్చినయి.

ఆయనకంటే ముందు, 1632లో ఉత్తరాదిన పీటర్ మండి అనే ఇంగ్లీషు వ్యాపారికి 14,000 ఎద్దుల తాండా ఎదురైంది. ఆయన పుస్తకంలో 'తాండా' అనే మాటే ఉంది. మనం ఊరికి బయట విసిరేసిన నాలుగు గుడిసెల పేరు అనుకుంటం గదా! అప్పట్లో తాండా అంటే నడిచే బిడారు.

లెక్క అర్థం కావాలని మేమే ఒక పని చేసినం. ఒక్కో ఎద్దు మీద ఒక క్వింటాలు అనుకుందాం. 10,000 ఎద్దులంటే 10,000 క్వింటాళ్లు. మిర్యాలగూడ రైస్‌మిల్లు ముందు నిలబడే పెద్ద లారీకి 250 క్వింటాళ్లు వేసుకుంటే, నలభై లారీల సరుకు ఒకేసారి నడిచొచ్చినట్టు. డీజిల్ లేదు, దారిపొంటి గడ్డే పెట్రోలు బంకు. అందుకే రోజుకు కొద్ది మైళ్లే నడిచేటోళ్లు, మేపుకుంట మేపుకుంట.

ఇగ మార్కెట్. టావెర్నియర్ కాలంలోనే తెవెనో అనే ఇంకో ఫ్రెంచి యాత్రికుడు హైదరాబాద్ చూసిండు. చార్మినార్ ఆయనకు తెగ నచ్చింది. నచ్చనిది ఏందంటే దాని చుట్టూ ఉన్న అంగళ్లు. కర్రలతో కట్టి గడ్డి కప్పిన దుకాణాలు, వాటిల్లో పండ్లు అమ్ముతున్నరు, అవి ఆ కట్టడం అందం చెడగొడుతున్నయని రాసిండు. మాకు ఇక్కడ నవ్వొచ్చింది. మూడున్నర వందల ఏండ్లయినా పెద్దోళ్ల మాట మారలేదు. ఇప్పటికీ బండి మీద పండ్లమ్మేటోళ్లను చూసి 'నగరం అందం చెడుతున్నది' అనేటోళ్లున్నరు. చూడొచ్చిన మనిషికి గుమ్మటం కనిపిస్తది. ఆ గుమ్మటం కింద పొద్దందాక నిలబడేటోడు ఏం తింటడనేది కనిపించదు.

ఆ గడ్డి కప్పుల కాలం నుంచి రాతి మార్కెట్ దాకా రావడానికి మధ్యలో ఒక పెద్ద వరద ఉంది. 1908 సెప్టెంబర్‌లో మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. మన సూర్యాపేట పక్క నుంచి పారి, మిర్యాలగూడ దిక్కు వాడపల్లి దగ్గర కృష్ణలో కలిసే మూసీయే అది. ఆ దెబ్బతో నగరాన్ని కొత్తగా కట్టాలని 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టిండ్రు. ఏడో నిజాం రెండో కొడుకు మొజంజా ఆ బోర్డుకు అధ్యక్షుడు. 1935లో కట్టిన మార్కెట్‌కు ఆయన పేరే పెట్టిండ్రు. నల్లరాతి కట్టడం, మధ్యలో గడియారం బురుజు, రెండు పక్కల చేతులు చాపినట్టు దుకాణాల వరుసలు. పాడుబడితే బాగుచేసి 2020 ఆగస్టులో మళ్లీ తెరిచిండ్రు.

మేం పోయినప్పుడు ఐస్‌క్రీమ్ దుకాణాల దగ్గర జనం బాగా ఉన్నరు. మేమూ తిన్నం, సీతాఫలం ఐస్‌క్రీమ్. అబద్ధమెందుకు, మార్కెట్ చరిత్ర కంటే అదే ఎక్కువ గుర్తుంది. కాని పండ్ల మార్కెట్‌గా పేరుపడ్డ చోట పండ్ల టోకు వ్యాపారం లేదు. అది 1980లలోనే కొత్తపేటకు, గడ్డిఅన్నారం మార్కెట్‌కు పోయింది. 2021–22లో అక్కడి నుంచి కూడా లేచి బాటసింగారం పోయింది. హయత్‌నగర్ ఇంకా రాకముందే, మన బస్సు దారిలోనే ఉంటది బాటసింగారం. పొద్దున బస్సు కిటికీలోంచి ఆ దిక్కు మళ్లే పండ్ల బండ్లను చూసినం. మాతో వచ్చిన మిర్యాలగూడ తమ్ముడు ఒక బండిని చూపెట్టి, "మా నాయిన బత్తాయి గూడ ఇట్లనే పోతది" అన్నడు. వాళ్ల నాయిన ఏండ్ల నుంచి బత్తాయి పంపుతున్నడు గాని, ఆ మార్కెట్‌ను ఒక్కసారి గూడ చూడలేదు. పంట పోతది, చీటీ తిరిగొస్తది.

మరి ఎద్దుల బిడారులు ఏమైనయి? పోయింది ఒక్కరోజులో కాదు. 1799లో శ్రీరంగపట్నం మీదికి, 1803లో మరాఠాల మీదికి పోయిన ఇంగ్లీషు దండుకు ధాన్యం అందించింది బంజారాలే. ఆ దండులో ఉన్న ఆర్థర్ వెల్లెస్లీ, అదే తర్వాత నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్, మనోళ్ల ఎద్దులు వచ్చినయా లేదా అని ఎదురుచూసిన మనిషి. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. 1889కల్లా ఆ పట్టాలు బెజవాడ దాకా కలిసినయి. అంతే, ఉప్పు రైలెక్కింది. ఎద్దు మీద ఆరు వారాల దారిని రైలు దినాల్లో తెస్తుంటే ఎవడు ఆగుతడు? బిడారు ఆగినచోటే తాండా అయింది, ఎక్కడి గుంపు అక్కడ అడవి పక్కన, గుట్ట పక్కన దిగబడ్డది. సరిగ్గా ఆ కాలంలోనే, 1871లో, బ్రిటిష్ సర్కారు నేరస్థ జాతుల చట్టం తెచ్చి తిరిగే కులాల మీద దొంగ ముద్ర వేయడం మొదలుపెట్టింది. లంబాడీలను కూడా చాలాచోట్ల అందులో చేర్చింది. నిన్నటిదాకా సైన్యానికి తిండి పెట్టినోళ్లు పొద్దున లేచేసరికి పోలీసు పుస్తకంలో ఉన్నరు. ఆ చట్టం 1952లో పోయింది. తెలంగాణ లంబాడీలను షెడ్యూల్డ్ తెగల్లో చేర్చింది 1976 చట్టంతో. మనం కూర్చొని చదువుకుంటున్న ఈ హాస్టల్ సీటు వెనక ఉన్న తారీఖు అది.

మార్కెట్ నుంచి పుష్పక్ బస్సు ఎక్కి శంషాబాద్ పోయినం. ఇక్కడ విమానం సంగతి కొంచెం వెనక నుంచి చెప్పాలి. హైదరాబాద్‌కు మొదటి ఎయిర్‌పోర్టు బేగంపేట, 1930లలో తయారైంది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ పెట్టిండ్రు. 1953లో దేశంలోని విమాన కంపెనీలను జాతీయం చేసినప్పుడు అది ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బేగంపేట పక్కనే బంజారాహిల్స్. ఒకప్పుడు మనోళ్లు ఉన్న గుట్టలు కాబట్టే ఆ పేరు. అక్కడ ఇయ్యాల గజం ధర అడిగితే మన తాండా మొత్తం అమ్మినా సరిపోదు.

కాని మన దిక్కు తాండాలకు విమానం బేగంపేటలో పరిచయం కాలేదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం హైదరాబాద్ రాజ్యంలోకి వచ్చినప్పుడు ఒక దండు బెజవాడ దిక్కు నుంచి బయలుదేరింది. అదే రోజు కోదాడ, ఆ తర్వాత మునగాల. సూర్యాపేట దగ్గర నిజాం బలగాల మీద విమానాలతో దాడి చేసిండ్రు. 17న నిజాం లొంగిపోయిండు. మాలో ఒకరి దాదా అప్పుడు పిల్లగాడు, పశువుల కాడ ఉన్నడట. గాలిమోటరు మోత వినబడంగనే ఎడ్లు తెంపుకొని ఉరికినయట, పిల్లలు జొన్నచేన్ల పడి పండుకున్నరట. ఆయన ఇప్పటికీ విమానం అనడు, గాలిమోటరే అంటడు. మనమడు ఎయిర్‌పోర్టు పోతున్నా అని ఫోన్ చేస్తే మొదట అడిగిన మాట: "చప్పుడు అట్లనే ఉంటదా?"

అట్లనే లేదు. శంషాబాద్‌లో మాకు మొదట అనిపించింది నిశ్శబ్దమే. ఇంత పెద్ద చోట ఎవ్వడూ అరవడు. బస్టాండ్‌లో ఉండే కేకల్లో పావు వంతు కూడా లేదు. 2008 మార్చి 14న ప్రారంభించి, 23 నుంచి విమానాలు నడిపిండ్రు. అప్పటి నుంచి బేగంపేటకు మామూలు ప్రయాణికుల విమానాలు బంద్. దాదాపు 5,500 ఎకరాలు తీసుకున్నరు. రన్‌వే ఒక్కటే 4,260 మీటర్లు, అంటే నాలుగు కిలోమీటర్ల పైనే. అక్కడ ఇంతకుముందు ఊర్లున్నయి, చేన్లున్నయి. సాగర్ కింద ముంపు సంగతి తెలిసిన మన నల్లగొండ జిల్లా వాళ్లకు దాని గురించి ఎక్కువ చెప్పే పనిలేదు.

టికెట్ లేనోళ్లను లోపలికి పోనియ్యరు. గేటు దగ్గర జవాను టికెట్, ఆధార్ చూస్తడు. మేం బయటనే ఆగినం. మా లెక్కనే చాలామంది ఉన్నరు, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి గల్ఫ్‌కు సాగనంప వచ్చినోళ్లు. ఒక తల్లి కొడుకు బ్యాగు పట్టుకొని వదుల్తలేదు. మా అన్న వాళ్ల యాడి ఏడ్వలేదు. ఆమె ధ్యాసంతా బరువు మీదనే. టికెట్‌లో 30 కిలోలే రాసుంది, ఇంటికాడ తూకం వేస్తే 33 వచ్చింది. అక్కడే పక్కకు కూర్చొని బ్యాగు విప్పి ఒక్కోటి తీసింది. జొన్నపిండి తీసింది, పచ్చడి డబ్బా తీసింది, మళ్లీ పచ్చడి లోపల పెట్టి దుప్పటి తీసింది. ఏది ఎంత బరువుంటదో చేత్తో లేపి చెప్తున్నది, దాదాపు సరిగ్గానే చెప్తున్నది. ఆమెకు సంతకం రాదు.

మేం అట్ల నిలబడి మా భాషలో మాట్లాడుకుంటుంటే, ట్రాలీలు సర్దుతున్న ఒక అక్క ఆగి గోర్ మాటలోనే అడిగింది, ఏ తాండా మీది అని. ఆమెది దగ్గర్లోని తాండానేనట. నాలుగేండ్ల నుంచి పని చేస్తున్నది. మా వాడొకడు ఉండబట్టలేక "అక్కా, నువ్వెప్పుడన్న విమానం ఎక్కినవా?" అన్నడు. ఆమె నవ్వి, "సామాన్లయితే రోజూ ఎక్కిస్తున్న గదా" అని ట్రాలీల వరుస నెట్టుకుంట పోయింది.

టావెర్నియర్, తెవెనో, మండి ముగ్గురూ మంచి చూపున్నోళ్లే, మాకేం కోపం లేదు. వాళ్లు రాయకపోతే 12,000 ఎద్దుల సంగతి మనకు తెలిసేదే కాదు. కాని బిడారు దారికి అడ్డమొచ్చిన రెండు రోజులే వాళ్లు మనల్ని చూసిండ్రు. ఆ బిడారు లోపల ఉప్పు ధర ఎవరు పెట్టిండ్రు, ఏ రేవు దగ్గర బేరం కుదిరింది, వానకు గోనెలు తడిస్తే నష్టం ఎవరిది, దారిలో కాన్పయితే ఎన్ని రోజులు ఆగేటోళ్లు, ఇవి ఆ పుస్తకాల్లో మాకు దొరకలేదు. తాండాలో ముసలోళ్ల పాటల్లో, మాటల్లో ముక్కలు ముక్కలుగా ఉండొచ్చు. మా క్లాసు దోస్తుకు మేం చెప్పిన జవాబు కూడా సగమే, ఎందుకంటే అది కూడా ఆ ఫ్రెంచోళ్ల పుస్తకాల నుంచి తెచ్చిందే.

అందుకే ఒక పని అనుకున్నం. దసరా సెలవులకు అందరం ఇంటికి పోతం గదా. డెబ్బై దాటిన ఎవరినైనా కూర్చోబెట్టి మూడు మాటలు అడగండి: మీ పెద్దోళ్లు ఏ సరుకు మోసిండ్రు, ఏ ఊరి అంగడికి పోయేటోళ్లు, గాలిమోటరు మొదట ఎప్పుడు చూసిండ్రు. గోర్ మాటలో చెప్తే గోర్ మాటలోనే ఫోన్లో రికార్డు చేయండి, తెలుగు మనం తర్వాత చేసుకుందాం. తాండా పేరు, మండలం, చెప్పినోళ్ల వయసు రాయడం మర్చిపోవద్దు. సూర్యాపేట, కోదాడ వాళ్లవి మేం నలుగురం రాసి పెడతం. మిర్యాలగూడ దిక్కువి బత్తాయి తమ్ముడు చూసుకుంటడు. వాళ్ల నాయిన దగ్గరి నుంచే మొదలుపెడతా అన్నడు.