మదర్ టంగ్, ఫస్ట్ లాంగ్వేజ్ – రెండు మాటల చరిత్ర



పిల్లలను బడిలో చేర్చేటప్పుడు మీకు తరచుగా రెండు ఆంగ్లపదాలు ఎదురవుతాయి. ఒకటి మదర్ టంగ్, రెండవది ఫస్ట్ లాంగ్వేజ్. రెండూ ఒకటే అనుకొని, రెండుచోట్లా రాష్ట్రభాష పేరే రాసే తెలుగువారు ఎందరో ఉన్నారు. భాషాశాస్త్రంలో ఇవి దాదాపు సమానార్థకాలే. బడి చరిత్రలో మాత్రం కావు.

మదర్ టంగ్ మనిషికి సంబంధించిన మాట. 1881 జనాభా లెక్కలలోనే ఈ ప్రశ్న అడిగారు. 1891లో దానిని పేరెంట్ టంగ్ అన్నారు. 1901లో సాధారణంగా వాడే భాష ఏదని అడిగారు. బాల్యంలో తల్లి బిడ్డతో మాట్లాడిన భాషే మాతృభాష అన్న నిర్వచనం తరువాతి కాలంలో స్థిరపడింది. 1956లో ఏడవ సవరణతో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం, భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ కృషి చేయాలంటుంది. అక్కడ వాడిన మాట మదర్ టంగ్. ఫస్ట్ లాంగ్వేజ్ కాదు.

ఫస్ట్ లాంగ్వేజ్ పాఠ్యప్రణాళికకు సంబంధించిన మాట. ఒక ఉత్తర్వు ఇచ్చిన స్థానాన్ని మరొక ఉత్తర్వు మార్చగలదు. కర్ణాటకలో గోకాక్ కమిటీ నివేదిక దరిమిలా, ఉన్నత పాఠశాలలలో కన్నడమే ఏకైక ప్రథమభాషగా ఉండాలని 1982లో ఉత్తర్వు వెలువడింది. 1989లో హైకోర్టు దానిని కొట్టివేసింది. తమిళనాడులో 2006 నాటి చట్టం తమిళాన్ని తప్పనిసరి మొదటి భాషగా నిలిపింది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏటా ఒక్కొక్క తరగతి చొప్పున 2015-16 నాటికి అది పదవ తరగతికి చేరింది. ఆ పదేళ్లలో మన పిల్లల తల్లులు జోలపాడిన భాష మారలేదు. బడిలో దాని స్థానం మారింది, అంతే.

మరి మాతృభాష ఏదో తేల్చేదెవరు? కర్ణాటకకు చెందిన వ్యాజ్యంలో 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దీనికి సమాధానమిచ్చింది. బిడ్డ మాతృభాషను నిర్ణయించవలసినది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే అని తీర్పు చెప్పింది.

కాబట్టి తల్లిదండ్రులారా, ఫస్ట్ లాంగ్వేజ్ అన్నచోట మీ బడి నియమాలను అనుసరించి రాయండి. మదర్ టంగ్ అన్నచోట మాత్రం, మీ ఇంటి భాష తెలుగైతే, తెలుగు అనే రాయండి. ఉపాధ్యాయులారా, చేరికల వేళ ఈ భేదాన్ని ప్రతి కుటుంబానికీ విడమరచి చెప్పండి. రేపు తెలుగు తరగతి కావాలని అడగడానికి వెళ్లినప్పుడు, పిల్లలెక్కడున్నారని అధికారులు అడుగుతారు. ఆ రెండక్షరాలు కాదు, ఆ ఒక్క గడిలోని తెలుగు అన్న మాటే అప్పుడు మన జవాబు.