కాంతిధ్వని చిత్రణ

లేజర్ కాంతిని శరీరంలోకి పంపి, దానివల్ల లోపల పుట్టే శబ్దాన్ని బయట పట్టి కణజాలాన్ని, ముఖ్యంగా కణితులను, చిత్రించే పద్ధతి. ఫొటోఅకౌస్టిక్ ఇమేజింగ్ అనీ అంటారు. దీనికి మూలమైన భౌతిక ధర్మాన్ని అలెగ్జాండర్ గ్రాహంబెల్ 1880లోనే గమనించాడు.

లేజర్ ప్రతిసారీ కొన్ని నానోసెకన్లే వెలుగుతుంది. ఆ కాంతిని పీల్చుకున్న చోట ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యో వంతు స్థాయిలో పెరిగి, కణజాలం చటుక్కున వ్యాకోచించి అల్ట్రాసౌండ్ తరంగాలను వెలువరిస్తుంది. గ్రాహకాలు వాటిని అందుకుంటాయి; అవి చేరిన సమయాలను బట్టి కంప్యూటర్ బొమ్మ కడుతుంది. పద్ధతిలోని అందమంతా ఇక్కడే ఉంది. కాంతి కణజాలంలో సుమారు మిల్లీమీటరు దాటగానే చెదిరిపోయి బొమ్మను అలికేస్తుంది. శబ్దం అంతగా చెదరదు కనుక లోతున ఉన్నదాన్ని కూడా స్పష్టంగా చూపుతుంది.

క్యాన్సర్ కణితి పెరుగుతూ తనవైపు కొత్త రక్తనాళాలను రప్పించుకుంటుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ కాంతిని బలంగా పీల్చుకోవడంతో ఆ వంకర నాళాలు మందేమీ ఎక్కించకుండానే కనబడతాయి. ఆక్సిజన్ ఉన్న హిమోగ్లోబిన్, లేని హిమోగ్లోబిన్ కాంతిని వేర్వేరుగా పీల్చుకుంటాయి. అందువల్ల కణితిలో ఆక్సిజన్ ఏ మేరకు ఉందో కూడా అంచనా కట్టవచ్చు. ఎక్స్-రే ప్రమాదం లేకుండా ఇంత తెలియడం రోగులకు నిజంగా పెద్ద ఊరట.

2018లో కాల్‌టెక్‌లోని లిహాంగ్ వాంగ్ బృందం, ఒక్కసారి ఊపిరి బిగబట్టే 15 సెకన్లలో రొమ్మును 4 సెంటీమీటర్ల లోతు వరకు చిత్రించి చూపింది. 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ రొమ్ము గడ్డల పరీక్షకు ఈ పద్ధతిని వాడే ఇమాజియో యంత్రాన్ని ఆమోదించింది. అయితే ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి: గాలి నిండిన ఊపిరితిత్తులు, మందపాటి ఎముకలు శబ్దానికి అడ్డు. చర్మంలోని మెలనిన్ కూడా కొంత కాంతిని ముందే పీల్చేస్తుంది.