గోడలు ఊపిరి పీల్చునా?

మ్యూనిక్ నగరంలో మాక్స్ ఫాన్ పెటెన్‌కోఫర్ అను ఆరోగ్యశాస్త్రజ్ఞుడు ఇటుకగుండా గాలి ఊది కొవ్వొత్తిని ఆర్పి చూపినాడు. గోడలు ఊపిరి పీల్చునని ఆయన నమ్మకం. నిజానికి ఇంటిలోనికి గాలి చొరబడునది ముఖ్యంగా పగుళ్ళు, సందుల గుండానే. నమ్మకం నిలువలేదు, 1858లో ఆయన చెప్పిన కొలత నిలిచినది: గదిగాలిలో బొగ్గుపులుసు వాయువు 1000 భాగాలలో 1 భాగమును మించరాదు.

బ్రిటనులో రెండు ఇటుక వరుసల నడుమ ఖాళీ వదలి గోడలు కట్టుట వాడుక. 1973 చమురు సంక్షోభం తరువాత, వేడిని నిలుపుటకై ఆ ఖాళీని ఖనిజపు ఊలు మున్నగువానితో నింపుట హెచ్చినది. దానితో గాలి చొరబడు సందులును తగ్గును. తేమ నిలిచి బూజు పట్టవచ్చును. గాలి చాలని పొయ్యినుండి ప్రాణాంతకమైన కార్బన్ మోనాక్సైడ్ వెలువడవచ్చును. కావున ఖాళీని దాటివచ్చు గాలిరంధ్రాలకు ముందే గొట్టాలు అమర్చి, నింపిన పిదపను తెరచి ఉంచవలెను. వేడిని ఆపవచ్చును గాని గాలిని ఆపరాదు.